మా ఆయన గొంతులో నా పాట

ఆ రోజు నల్లా వచ్చేసరికి పొద్దెక్కింది. మిర్యాలగూడలో మేముండే వాడకు నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు. వదిలారంటే మాత్రం ఆడవాళ్ళు చేతిలో పని ఎక్కడిదక్కడ పడేసి బిందెలు పట్టుకుని ఉరకాలి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నాకు బడికి టైమవుతోంది. మా అత్త జానమ్మ లోపలి నుంచి "తొట్టి నిండకుంటె ఇయ్యాల తానాల్లేవు పిల్లా" అని అరుస్తోంది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందెతో సందులోకి తిరిగేసరికి మా ఆయన మల్సూర్ అరుగు మీద కూర్చుని, కాళ్ళు సందుకు అడ్డంగా చాపి గిటార్ వాయించుకుంటున్నాడు.

"జర జరుగు" అన్నాను.

ఆయన జరగలేదు. తీగల మీంచి చూపు తిప్పకుండా, ఎంతో మర్యాదగా, కాళ్ళు రెండూ పైకి లేపాడు, రైలు గేటు లేచినట్టు. నేను దాటగానే మళ్ళీ దించాడు. రెండో విడతా అంతే. ఆ తర్వాత నేను నోరు తెరవకముందే లేపాడు. అప్పుడు నాకు కోపం రావాలి. కోపం రావాల్సిన చోట ఒక వరస వచ్చింది. నల్లా దగ్గరికి పోతూ, వస్తూ, అడుగుకొక మాట పడుతూ అది నా నోట్లోనే తయారైపోయింది.

*బిందె మీద బిందె, నా నెత్తి మీద బిందె,*
*జరుగమంటె మా ఆయన కాళ్ళు పైకి లేపె!*

చివరి బిందె తొట్టిలో గుమ్మరించి గట్టిగానే పాడాను. అరుగు మీద గిటార్ ఆగింది.

"ఏంది గది? మల్లొక్కసారి అను."

అన్నాను. ఆయన వేళ్ళు నా మాటల వెంట పడ్డాయి. వాయిస్తూ వాయిస్తూ పడీ పడీ నవ్వాడు. ఆ కాళ్ళు తనవేనని తెలిసే నవ్వాడు. అందుకే ఆ రోజు నాకు ఆయన మీద ప్రేమ కూడా కలిగింది. తొంభై ఒకటిలో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మా బ్యాండు అట్లా పుట్టింది.

నా గొంతు మంచిది కాదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాయన నేరేడుచర్లలో రైసుమిల్లు హమాలీ. నన్ను సూర్యాపేటలో మిషన్ హాస్టల్లో వేసి చదివించాడు. అక్కడ ఆదివారం పాటల్లో మా టీచరమ్మ నన్ను ఎప్పుడూ వెనక వరసలో నిలబెట్టేది. "ఎస్తేరూ, నువ్వు మెల్లగ పాడమ్మా. నీ గొంతు గరుకు, అందరిది చెడగొడతది" అనేది. నేను పెదవులు కదిపి ఊరుకునేదాన్ని. నా పక్కనే సాలి ఉండేది. పాలకవీడు దిక్కు తాండా పిల్ల, నాకన్నా రెండు తరగతులు చిన్నది. దానికి పాటలో సోయి లేదు, చేతులే దాని నోరు. భోజనాల గదిలో స్టీలు పళ్ళాలు బోర్లించి వేళ్ళతో, చెంచాలతో వాయించేది. తాండాలో హోలీకి మగవాళ్ళు డప్పు కొడుతుంటే చూసి నేర్చుకుంది, ముట్టుకోనివ్వలేదని పళ్ళాల మీద తీర్చుకునేది. అది వాయిస్తే ఆ గదిలో మాత్రం నేను గట్టిగా పాడేదాన్ని. మమ్మల్నిద్దరినీ కలిపి ఎన్నిసార్లు బయట నిలబెట్టారో.

మల్సూర్‌ది సూర్యాపేట. పెళ్ళికి ముందు సికింద్రాబాదులో ఒక ఆర్కెస్ట్రాలో పనిచేశాడు. అక్కడ రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుర్రాళ్ళతో తిరిగి గిటార్ నేర్చాడు. వాళ్ళ దగ్గర విన్న ఇంగ్లీషు పాటల గురించి కథలు కథలుగా చెప్పేవాడు. రాగాలుండవట, ఆలాపనలుండవట, తీగల మీద వేళ్ళతో మూడు పట్లు పట్టి ఉరికినట్టు వాయించడమే, రెండు నిమిషాల్లో పాట ఖతం. ఇంటి మీద, బడి మీద, దేని మీద కోపం వస్తే దాని మీదే పాడతారట, అయినా వినేవాళ్ళు ఎగురుతారట. ఆర్కెస్ట్రా మూతపడ్డాక ఆయన మిర్యాలగూడ వచ్చి రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. చర్చి పెద్దలు కుదిర్చిన పెళ్ళి మాది. పెళ్ళయిన కొత్తలో నేను నా గరుకు గొంతు సంగతి చెప్పి నవ్వితే ఆయన నవ్వలేదు. "గొంతు మంచిగుండుడు ఎవనికి గావాలె? మాట నిజమైతె సాలు" అన్నాడు. అంతకు ముందు నాతో ఎవరూ అట్లా అనలేదు. ఆ ఒక్క మాటకు నేను ఆయన బట్టలు ఉతికాను, రేడియో షాపు జీతం చాలకపోతే ప్రైవేటు బడిలో పంతులమ్మగా చేరి ఇల్లు నడిపాను, నీళ్ళు మోశాను. మోస్తున్నానని కూడా అనుకోలేదు.

నల్లా పాట తయారైన వారమే సాలికి కబురు పంపాను. అది అప్పటికి సూర్యాపేటలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. తమ్ముడు బిచ్చాను వెంటబెట్టుకుని వచ్చింది. బిచ్చాకు లావు తీగల గిటార్ ఇచ్చి మల్సూర్ నాలుగు పట్లు నేర్పాడు. డ్రమ్ములు పెళ్ళిబ్యాండు వాళ్ళ దగ్గర కిరాయికి తెచ్చాం. వాటి ముందు కూర్చుని సాలి మొదటి దెబ్బ కొట్టగానే మా ఇంటి రేకులు అదిరాయి. అత్త చీపురు పట్టుకుని బయటికొచ్చి "ఏం లొల్లిర ఇది! వాడకట్టోళ్ళు కొడతరు!" అంది. మల్సూర్ ఎగిరి గంతేశాడు. "దొరికింది పేరు!" అన్నాడు. మా బ్యాండు పేరు లొల్లి.

ఆదివారాలు మా ఇంట్లోనే ప్రాక్టీసు. వాళ్ళు ముగ్గురూ వాయిద్యాలు సరిచేసుకుంటుంటే నేను వంటింట్లో అన్నం వార్చేదాన్ని. వాళ్ళు టీ తాగుతుంటే గిన్నెలు తోమేదాన్ని. తోముతూ తోముతూ పాటలు కట్టేదాన్ని. జీతం ఇవ్వడానికి గంటసేపు నిలబెట్టే మా హెడ్మాస్టరు మీద ఒకటి. బస్సులో ఆడవాళ్ళ సీట్లో కూర్చుని నిద్ర నటించే మగవాళ్ళ మీద ఒకటి. నన్ను వెనక వరసలో నిలబెట్టిన టీచరమ్మ మీద ఒకటి. తడి చేతులతో వచ్చి పాడితే మల్సూర్ గిటార్ మీద అందుకునేవాడు, సాలి కళ్ళు మూసుకుని తల ఊపి దెబ్బ ఎక్కడ పడాలో చూసుకునేది. నల్లా పాటలో "కాళ్ళు" అనే ముందు అది ఒక దెబ్బ వదిలేసి ఆగేది. ఆ ఆగడం దానిదే. ఆ చిన్న ఖాళీలో నేను మా ఆయన దిక్కు చూసేదాన్ని, తర్వాత పాడేదాన్ని. ఇంట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. అది నన్ను చూసి నవ్వే నవ్వు కాదు.

మొదటిసారి జనం ముందు వాయించింది నేరేడుచర్లలో, క్రిస్మస్ ముందు యూత్ మీటింగులో. రెండో పాటకే సంఘ పెద్ద పెంటయ్య లేచి "దేవుని మందిరంల గీ అరుపులేంది, ఆడపిల్ల గీ ఎగురుడేంది" అని మైకు తీయించాడు. మైకు లేకుండానే మూడో పాట పాడాం. తిరుగుప్రయాణంలో ఆటోలో వాయిద్యాల మధ్య ఇరుక్కుని కూర్చుని నలుగురం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. సాలి నా భుజం మీద తల పెట్టి, "అక్కా, మనల్ని మల్ల బైట నిలబెట్టిన్రు" అంది.

కోదాడలో మాత్రం మమ్మల్ని ఎవరూ బయట నిలబెట్టలేదు. అక్కడ ఒక డిగ్రీ కాలేజీలో వార్షికోత్సవం. సినిమా పాటల ఆర్కెస్ట్రా రావాల్సింది, వాళ్ళ వ్యాను చెడిపోయి ఆగిపోయారు. ఎవరో మల్సూర్‌కు ఫోను చేశారు. స్టేజీ ఎక్కేసరికి ముందు వరసల్లో పిల్లలు కాగితాల బాణాలు విసురుతున్నారు. నేను మామూలు చీరలో, కొంగు నడుముకు చెక్కుకుని మైకు ముందు నిలబడ్డాను. వెనక నుంచి ఎవడో "అక్కా, భజన పాట పాడు" అని అరిచాడు. సాలి కొట్టింది. నేను మొదలుపెట్టాను. మొదటి చరణం అయ్యేసరికి బాణాలు ఆగాయి. రెండోసారి "జరుగమంటె మా ఆయన" అని సాలి వదిలిన ఖాళీలో నేను ఆగగానే, ఎడమవైపు కూర్చున్న ఆడపిల్లలంతా ఒక్కసారి లేచి నిలబడి "కాళ్ళు పైకి లేపె!" అని అరిచారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళల్లో కాళ్ళు వాళ్ళకు తెలుసు. ఆ అరుపు నా ఛాతీకి తగిలింది. వెనక వరసలో పెదవులు కదిపిన ఏళ్ళన్నీ అక్కడితో తీరిపోయాయనిపించింది. అదే పాట మళ్ళీ మళ్ళీ పాడించుకున్నారు.

దిగాక స్టేజీ వెనక రంగనాథం గారు వచ్చారు. కోదాడలో ఆయనకు కేసెట్ల వ్యాపారం, బెజవాడ స్టూడియోల్లో రికార్డు చేయించి ఊరూరా అమ్ముతారు. నా పక్కనుంచే నడిచి పోయి మల్సూర్ చేయి పట్టుకున్నారు.

"అదరగొట్టేశారండీ. పాటలు కట్టేది ఎవరండీ?"

మల్సూర్ ఒక్క క్షణం నా దిక్కు చూశాడు. "మేమే సార్. అందరం గలిసి" అన్నాడు.

నేను గ్లాసులో నీళ్ళు తాగుతున్నాను. ఆ మాట విన్నాను. అందరం కలిసి అంటే తప్పేముంది, బ్యాండంటే అందరిదీ కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అట్లా మనకు మనం సర్దిచెప్పుకోవడం ఆడవాళ్ళకు ఎవరు నేర్పుతారో తెలియదు కానీ, మేం దాన్ని బాగా నేర్చుకుంటాం.

రికార్డింగు మాటలు నడుస్తుండగానే నాకు నెల తప్పింది. అప్పటి నుంచి మల్సూర్ ఎంత మంచివాడైపోయాడంటే వాడకట్టు ఆడవాళ్ళు నన్ను చూసి కుళ్ళుకున్నారు. బిందె ఎత్తనివ్వలేదు, తనే మోశాడు. "దుమ్ముల, పొగల ప్రాక్టీసుకు రాకు. గట్టిగ అరుస్తె లోపల బిడ్డకు మంచిది గాదంట" అన్నాడు. డాక్టరమ్మ నాతో అట్లా ఏమీ అనలేదు. "రికార్డింగు కాన్పు అయినంకనే. నువ్వు లేకుంట లొల్లి ఏడిది?" అన్నాడు. ప్రాక్టీసు రంగనాథం గారి గోదాములోకి మారింది. ఆదివారం పొద్దున్నే లేచి ముగ్గురికి సరిపడా పులిహోర కట్టి ఆయన చేతికిచ్చి పంపేదాన్ని. వాళ్ళు వాయించే సంగతులు ఆయన సాయంత్రం వచ్చి చెబుతుంటే పొట్ట మీద చేయి వేసుకుని వినేదాన్ని. కొత్తగా కట్టిన పాటలు ఆయనకే నేర్పి పంపాను, నేను వచ్చేదాకా వాళ్ళు మర్చిపోకూడదని.

పాప మిర్యాలగూడ సర్కారు దవాఖానలో పుట్టింది. కాన్పు కష్టమైంది. సాలి పరుగున వచ్చి రెండు రోజులు నా మంచం పక్కనే కూర్చుంది. నా జడ దువ్వింది, పాప బట్టలు ఉతికింది, నా చేయి తన చేతిలో పెట్టుకుంది. "సాలీ, జల్ది లేస్త. మనం బెజవాడ పోదాం" అన్నాను. అది నా చేయి గట్టిగా నొక్కింది. "ముందు మంచిగ తిను అక్కా" అంది. నాకది ప్రేమ అనే అనిపించింది. ఇప్పటికీ ప్రేమ కాదని అనలేను.

పాపకు మెడ నిలిచిన రోజుల్లో మా బంధువుల పెళ్ళికి కోదాడ వెళ్ళాను. బస్టాండులో దిగి పాప నోరు తుడుస్తుంటే కేసెట్ల దుకాణం నుంచి డ్రమ్ములు వినిపించాయి. ఆ చేతులు నాకు తెలియనివి కావు. పళ్ళాల మీద విన్న చేతులు. తర్వాత గిటార్. నేను మొదట సంతోషపడ్డాను. నిజంగా సంతోషపడ్డాను. కాలేజీలో ఎవరో మా పాట టేపు చేసి ఉంటారు, ఇక నా గొంతు వస్తుంది, పాపకు వినిపిద్దాం అని దాన్ని భుజానికెత్తుకుని దుకాణం దగ్గరికి నడిచాను. వచ్చింది మగ గొంతు. మల్సూర్ గొంతు.

*బిందె మీద బిందె, మా ఇంట్ల లొల్లి గిందె,*
*జరుగు జరుగు అంటది, నా కాళ్ళు యాడ వెట్టాలె!*

నా వరసే. సాలి వదిలిన ఖాళీ కూడా అక్కడే ఉంది. ఆ ఖాళీలో ఎవరో ఆడమనిషి కీచుగొంతుతో "జరుగూ!" అని అరిచింది. టీ బండి దగ్గర నిలబడ్డ మనుషులు పగలబడి నవ్వారు. ఒకాయన "నిజంరా, మా ఇంట్ల గూడ గిదే లొల్లి" అన్నాడు. ఇంకొకాయన "ఈ పాట ఎప్పుడేసినా జనం ఆగిపోతన్నారండీ" అని దుకాణం వాడితో అంటున్నాడు. గాజు వెనక కేసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. అట్ట మీద మల్సూర్, పక్కన బిచ్చా, వెనక సాలి. కింద పెద్ద అక్షరాలు: లొల్లి పెళ్ళాం. రచన, సంగీతం, గానం: మల్సూర్. పాప నా భుజం మీద ఆ దెబ్బలకు తల ఊపుతోంది.

పెళ్ళికి పోలేదు. మిర్యాలగూడ బస్సే తిరిగి ఎక్కాను. దారంతా నేను ఆలోచించింది మల్సూర్ గురించి కాదు, వేరే ఒక లెక్క వేసుకున్నాను. కేసెట్టు అచ్చయి దుకాణాలకు రావాలంటే నెలలు పడుతుంది, అంటే నేను దవాఖానలో ఉన్నప్పటికే ఆ రికార్డింగు అయిపోయి ఉండాలి. నా జడ దువ్విన చేతులు అంతకు ముందే బెజవాడలో ఆ డ్రమ్ములు కొట్టి వచ్చి ఉండాలి.

మల్సూర్ దాచాలని కూడా చూడలేదు. అన్నం తింటూ చెప్పాడు.

"నీకు జెప్దామనే అనుకున్న. బాలింతవు, పరేషాన్ ఎందుకని ఊకున్న."

"నా పాట మలిపినవ్."

"మలుపకుంటె ఎవడు కొంటడు ఎస్తేరూ? సారే జెప్పిండు. ఆడమనిషి మొగన్ని తిడితె ఆ కేసెట్టు ఇంట్ల వేసుకోరంట. మొగోడు ఏడిస్తె అందరు నవ్వుతరంట. గంతే, చిన్న మార్పు."

"అట్ట మీద నా పేరు లేదు."

"నా పేరు, నీ పేరు వేరేనా? మొగడు పెండ్లాల నడుమ గీ లెక్కలేంది?" అని చేయి కడుక్కున్నాడు. మాట నిజమైతే చాలు అన్న మనిషేనా అని ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. ఆ మాట ఆయన మర్చిపోలేదు, నిజం అమ్ముడుపోదని తేల్చుకున్నాడంతే.

అత్త ముందు ఏడ్చాను. "పాట ఎత్కపోవుడేంది పిల్లా, అదేమన్న పుస్తెల తాడా?" అంది. కానీ ఆ వారం ఇంటికొచ్చిన చుట్టాలకు మల్సూర్ కేసెట్టు వేసి వినిపిస్తే, అందరూ నవ్వుతుంటే ఆమె నవ్వలేదు. లేచి వంటింట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని ఎల్లిపాయలు ఒలవసాగింది. తల ఎత్తకుండానే, "నువ్వు పాడినప్పుడే మంచిగుండె" అంది. 

సాలి దగ్గరికి నేనే వెళ్ళాను. సూర్యాపేటలో అది కిరాయికి ఉంటున్న గదిలో కొత్త మంచం, కొత్త ఫ్యాను. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"నాకు బాగలేదని, నేనే వద్దన్ననని ఆయన నీకు జెప్పిండు గద?" అని అడిగాను. అవునను సాలీ, అవునంటే నమ్ముతాను అని లోపల లోపల బతిమాలుకుంటున్నాను.

అది నేల చూస్తూ చెప్పింది. "జెప్పిండు అక్కా. గని నేను నమ్మలే. అబద్ధమని ఎర్కనే. అడిగితె నన్ను గూడ తీసేస్తడని అడగలే. డ్రమ్ములు కొట్టే ఆడిదాన్ని ఇంకెవడు రానిస్తడు?"

"దవాఖానల నా పక్కన కూసున్నవ్ గద. అప్పుడన్న జెప్పొచ్చు గద."

"నోరు రాలే అక్కా. నోరు ఎప్పుడు నీదే ఉండె. నాకు చేతులే" అని ఏడ్చింది. నేను ఏడవలేదు. మొగుడు మోసం చేస్తే తిట్టడానికి మాటలు ఊరంతా ఇస్తుంది. స్నేహితురాలు చేస్తే ఆ నొప్పికి పేరు కూడా ఉండదు. పాపను ఎత్తుకుని బయటికి వచ్చేశాను.

ఆ పాట జిల్లా అంతా పాకింది. నేను బడికి పోతే ఆరో తరగతి పిల్లలు వరండాలో "జరుగూ!" అని కీచుగా అరిచి లోపలికి ఉరికేవాళ్ళు. హెడ్మాస్టరు పిలిచి "మేడం, మీ వారిని మన వార్షికోత్సవానికి పిలుద్దాం. మీరు చెబితే ఊరికే రారా?" అన్నాడు. ఆయన మీద నేను కట్టిన పాట ఆ కేసెట్టులో లేదు. మార్చడానికి వీలుపడని పాటలన్నీ వదిలేశారు.

తొంభై ఐదు చివర్లో సూర్యాపేటలో దుకాణాల వాళ్ళు పెద్ద సభ పెట్టారు. మల్సూర్ కొత్త చీర తెచ్చి, "రావాలె నువ్వు, నీ ఊరు లెక్కనే గద" అన్నాడు. ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఒళ్ళో పాప. నల్లా పాట మొదలైంది. సాలి వదిలిన ఖాళీలో ఆయన వాయించడం ఆపి, నా వైపు చేయి చాపి మైకులో, "గీ పాటల పెండ్లాం ఎవరో ఎర్కనా? గామెనే! సూడున్రి!" అన్నాడు. వీడియో తీసేవాడి లైటు తిరిగి నా మొహం మీద పడింది. మైదానమంతా మెడలు తిప్పి నన్ను చూసి నవ్వింది. ఆడవాళ్ళు కూడా. కళ్ళకు లైటు తప్ప ఏమీ కనిపించడం లేదు. అప్పుడు నేనూ నవ్వాను. ఏం చేయాలో తెలియక, మర్యాదగా, పళ్ళు కనపడేటట్టు నవ్వాను. లైటు తిరిగిపోయాక సాలి దిక్కు చూశాను. అది తల వంచుకుని కొడుతూనే ఉంది. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

ఆయన ఎన్ని చేసినా నాకు అంత అసహ్యం కలగలేదు. నా ఆ నవ్వు మీద కలిగింది. తర్వాత చాలా రోజులు పళ్ళు తోముకునేటప్పుడు అద్దం చూడలేదు.

కొంతకాలానికి రెండో కేసెట్టు కావాలన్నారు రంగనాథం గారు. మల్సూర్ పొద్దుపొద్దున్నే గిటార్ పట్టుకుని కూర్చునేవాడు. పాత వరసలే తిరిగి తిరిగి వచ్చేవి. ఒకనాడు నేను పాపకు నీళ్ళు పోస్తూ ఏదో వరస తీస్తుంటే వెనక గిటార్ మెల్లగా అందుకోవడం వినిపించింది. తిరిగి చూస్తే స్నానాల గది తడిక అవతల నిలబడి వింటున్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాడటం మానేశాను. పాపకు జోలపాట కూడా మాటల్లో చెప్పాను. ఎంత కష్టమో పాడేవాళ్ళకే తెలుస్తుంది.

ఒక ఆదివారం రంగనాథం గారు ఇంటికే వచ్చారు. మల్సూర్ వంటింట్లోకి వచ్చి తనే టీ గ్లాసులు అందుకున్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. "ఒక్క పాట, ఎస్తేరూ. నీ పేరు గూడ ఏయిస్త, కింద" అన్నాడు మెల్లగా.

ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. నోట్లో అప్పటికి ఎన్ని పాటలో. బయటికి రాక గొంతు నొప్పి పుట్టేది.

"నల్లా పాట నేను కట్టినట్టు నన్ను పాడనిస్తవా? స్టేజీ మీద?"

"అదెట్ల? జనానికి గట్లనే అలవాటైంది. ఇప్పుడు మలిపితె నవ్వరు."

"నన్ను జూసి నవ్వనీకె కట్టలే నేను."

ముందు గదిలోంచి రంగనాథం గారు, "అమ్మా, కొత్త పాటలు ఎంతవరకు వచ్చాయండీ? మీరూ ఏదో సాయం చేస్తారంట కదా, మల్సూర్ చెప్పాడు" అన్నారు. నేను కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మంలో నిలబడ్డాను. అత్త మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది.

"నేనేం సాయం జేస్త సార్? పాటలన్నీ ఆయనవే. ఆయన్నే కట్టనియ్యండి" అన్నాను.

 మల్సూర్ చేతిలో టీ గ్లాసులు అట్లాగే ఉండిపోయాయి. ఆయన అబద్ధాన్ని నేను ఒప్పుకున్నాను, అంతే. దాన్ని మోయడం ఇక ఆయన వంతు.

రెండో కేసెట్టు రాలేదు. ఎండాకాలం సెలవులు కాగానే పాపను తీసుకుని సూర్యాపేట వచ్చేశాను. నేను చదివిన హాస్టల్లోనే ఆడపిల్లలను చూసుకునే పని దొరికింది. ఉండటానికి గది, ఇద్దరికీ భోజనం. అత్త బస్సు దాకా వచ్చి పాప చేతిలో బిస్కెట్ల పొట్లం పెట్టింది, ఆపలేదు. మల్సూర్ రెండుసార్లు వచ్చి బతిమాలాడు, మూడోసారి తిట్టాడు, తర్వాత రాలేదు. సాయంత్రాలు పిల్లలను కూర్చోబెట్టి పాటలు నేర్పుతాను. వరసలు చేసి నిలబెట్టను, ఎవరికి నచ్చిన చోట వాళ్ళు నిలబడతారు. ఒక పిల్ల అప్పుడే తన మేనమామ మీద పాట కట్టింది.

వానలు పడే రోజుల్లో సాలి వచ్చింది. గేటు దగ్గర చాలాసేపు నిలబడి ఉందట, వాచ్‌మన్ సైదయ్య చెప్పాడు. లొల్లి బ్యాండు విడిపోయిందని, మల్సూర్ మళ్ళీ రేడియోలు బాగుచేస్తున్నాడని, తను ఆ బ్యాండులోంచి అంతకు ముందే వచ్చేశానని చెప్పింది. చిక్కిపోయింది. వరండాలో పిల్లలు పాడుతుంటే దాని వేళ్ళు తెలియకుండానే చీర మీద ఆడుతున్నాయి. నేను చూస్తున్నానని తెలిసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"అక్కా, నా మీద కోపం పోయిందా?"

పోయిందని చెబితే సులువుగా ఉండేది. అది ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని.

"పోలే సాలీ. పోతదో లేదో గూడ ఎర్కలేదు" అన్నాను. "రేపు సాయంత్రం రా. పిల్లలకు తాళం తప్పుతున్నది, నేర్పు."

అది తల ఊపింది. నేను పిల్లల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాను, అది గేటు దాటేదాకా చూడలేదు.